కిటికీ కింద ఆగే పెయ్య

కొత్త తాడుకి ఎండుగడ్డి వాసన.

పొద్దున్నే, మంచు ఇంకా గడ్డి మీదే ఉండగా, ఆమె తాడుని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. తరవాత పెయ్య ముక్కు దగ్గర పెట్టింది.

పెయ్య వాసన చూసింది. నాలుక చాపి నాకింది. ఆ పైన నమలబోయింది.

"తినడానికి కాదే తల్లీ," అంది ఆమె. "నడవడానికి."

ఎర్రటి పెయ్య. నుదుటి మీద పిండి చల్లినట్టు తెల్లమచ్చ. రేపు దూడనేసేది, రేపు పాలిచ్చేది. ఈరోజు మాత్రం — తాడు పడితే చాలు, నాలుగు కాళ్ళూ నేలలో పాతేసేది.

చెవుల వెనకనుంచి దవడ కిందికి, మూతి మీదుగా ముఖమంతా చుట్టి వచ్చే తాడు అది. ముక్కులో గుచ్చేది కాదు.

అదే ఆమె పంతం.

ఆమె భర్త వడ్రంగి. కదలనిదాన్ని కదిలించాలంటే ఎక్కడో ఒకచోట రంధ్రం వెయ్యాలని అతని నమ్మకం.

"ముక్కు కుట్టిద్దాం," అన్నాడు. "ముక్కులాయన సంతరోజు ఇటే వస్తాడు. ముకుతాడు పడితే ఏనుగైనా వెంట నడుస్తుంది."

"నేను నడిపిస్తాను. దాని ముక్కు జోలికి పోకండి."

"జాకెట్లు కుట్టినంత తేలికనుకున్నావా?"

"కుట్టడం తెలుసు కాబట్టే చెప్తున్నా. దీన్ని కుట్టక్కర్లేదు."

అతను నవ్వాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

"సరే. సంతరోజు దాకా నీ ఇష్టం. వాగు దాకా వెళ్ళి రావాలి, తాడు వదులుగా ఉండాలి. లేదంటే ముక్కులాయన ఇష్టం."

ఒక ముక్కు మీద పందెం.

ఆమె వచ్చిన వారానికే పుట్టింది పెయ్య. అతనికి రెండో పెళ్ళి, ఆమెకు మొదటిది. గిన్నెలు పోయిన ముందావిడవి. గొళ్ళేనికి కట్టిన గుడ్డపీలిక ముందావిడది. కొట్టంలో ముసలావు ముందావిడ పెంచినది. ఈ ఇంట్లో ఆమెకన్నా కొత్తది పెయ్య ఒక్కటే.

ఇక... అతని కూతురు ఉంది.

కాలేజీకి వెళ్ళే పిల్ల. చెప్పిన పని చేస్తుంది. అడిగినదానికి జవాబు చెప్తుంది. ఏమనీ పిలవదు. పక్కగదిలోంచి పిలవాల్సి వస్తే — లేచి వచ్చి, ఎదురుగా నిలబడి, అప్పుడు మొదలుపెడుతుంది.

గొంతు చించుకుని పిలిచినా బాగుండుననిపిస్తుంది ఆమెకు. ఏమని పిలిచినా సరే.

మొదట్లో లాగింది.

ఆమె లాగింది. పెయ్య లాగింది. ఆమె ఇంకా గట్టిగా లాగింది. పెయ్య ఉన్నట్టుండి లాగడం మానేసింది.

ఆమె వెళ్ళి పేడలో కూర్చుంది.

కిటికీలోంచి ఫక్కున ఒక నవ్వు. వెంటనే మూసుకున్న రెక్క.

పేడ కడుక్కుంటుంటే చేతికి గుర్తొచ్చింది — కుట్టుమిషను. దారం మరీ బిగిస్తే తెగుతుంది. మరీ వదిలితే చిక్కుపడుతుంది. ఎంత బిగువుండాలో కంటికి తెలియదు. వేలికి తెలుస్తుంది.

మర్నాడు లాగలేదు. తాడుని కొంచెం బిగించింది. ఆగింది. గాలి ఆగినట్టు ఆగింది. పెయ్య చెవులు వెనక్కి... ముందుకి... ఒక గిట్ట లేచింది.

ఆమె బిగువు వదిలేసింది.

ఆ వదలడమే మాట. లాగడం ఎవరైనా లాగుతారు. సరైన క్షణాన వదలడం — అందులో ఉంది పనంతా.

అడుగు. వదులు. అడుగు. వదులు.

కానీ సంతరోజు పరుగెత్తుకొస్తోంది. పెయ్య అడుగు తీసి అడుగు వేస్తోంది.

అందుకని ఒక దగ్గరదారి తొక్కింది. ముసలావు పక్కన పెయ్యని కట్టింది. ముసలావుకి వాగు దారి కళ్ళు మూసుకున్నా తెలుసు. అది నడిస్తే చిన్నది నడవదా?

నడిచింది. గిట్ట వెనక గిట్ట, తోక పక్కన తోక. ముసల్ది గుంటను తప్పుకుంటే చిన్నదీ తప్పుకుంది. ముసల్ది వాగులో మూతి ముంచితే చిన్నదీ ముంచింది.

ఒక్కటే వింత. ఇంటి మూల తిరగగానే, పిల్ల గది కిటికీ కింద, ముసలావు ఆగిపోయేది.

వయసు అనుకుంది ఆమె. ఆయాసం అనుకుంది. కాసేపాగి, మెల్లగా అదిలించేది.

పక్కన పెయ్య కూడా ఆగేది. బుద్ధిగా. పాఠం వింటున్నట్టు.

సంతరోజు వచ్చింది.

ముక్కులాయన సైకిల్ దిగాడు. సంచిలోంచి సన్నటి దబ్బనం తీసి తొడ మీద తుడిచాడు. ఎండకి అది తళుక్కుమంది.

"ఏదీ పెళ్ళికూతురు?"

వడ్రంగి ఉలి చేతిలోనే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

ఆమె పెయ్యని ఒంటరిగా బయటికి తెచ్చింది. కొట్టంలో ముసలావు నెమరు ఆపి చూసింది.

అడుగు. వదులు. అడుగు. వదులు.

తాడు ఉయ్యాలలా వేలాడుతోంది. మంచు తడికి గిట్టల గుర్తులు. చిన్నచిన్న అద్దాలు.

ఇంటి మూల తిరిగింది.

ఆగింది.

కిటికీ కింద — అక్కడ గడ్డి లేదు, నీళ్ళు లేవు — నాలుగు కాళ్ళూ పాతేసింది. ఆమె తాడు బిగించింది. ఆగింది. వదిలింది. మళ్ళీ బిగించింది.

రాయి.

"అమ్మా," అన్నాడు ముక్కులాయన, "ఇది నడక మాట మర్చిపోయి ఇక్కడే కాపురం పెట్టేట్టుంది. పక్కకి జరుగు. నొప్పి చిటికెలో పోతుంది."

దబ్బనం దగ్గరికొచ్చింది. పెయ్య దాన్ని కూడా వాసన చూసింది. నాలుక చాపి నాకబోయింది.

ఆమె మొగుడి వైపు చూసింది. అతను పెయ్యని చూడటం లేదు. పెయ్య నిలబడ్డ నేలని చూస్తున్నాడు. ఉలి ఉన్న చెయ్యి కిందికి దిగిపోయింది.

"ఆగండి!"

కిటికీ తెరుచుకుంది. కాసేపటికి పిల్ల చుట్టూ తిరిగి వచ్చింది — జడ సగమే అల్లుకుని, దువ్వెన జుట్టులోనే ఉంచుకుని. వచ్చి, ఎప్పటిలాగే, ఎదురుగా నిలబడింది.

"ముసల్దాన్ని అమ్మ ఇక్కడ ఆపేది," అంది. "రోజూ. నేను లేచానో లేదో కిటికీలోంచి చూసేది. చూస్తూ దీని... దాని మెడకింద గోకేది. ఆ తరవాత పద అనేది. అంటేనే కదిలేది."

పిల్ల కిటికీ వైపు చూసింది.

"ఈమధ్య రోజూ వింటున్నాను. గిట్టల చప్పుడు వచ్చి ఆగుతోంది. ఆగి... వెళ్ళిపోతోంది."

పెయ్య ముందావిణ్ణి ఎరగదు. ఆ చెయ్యి ఎరగదు. అయినా ఆగింది. ముసల్ది ఆగింది కాబట్టి ఆగింది. తనకెప్పుడూ అందనిదాని కోసం మెడ చాపి నిలబడింది.

ఆమె పెయ్య మెడకింద చెయ్యి పెట్టింది. మెత్తగా వేలాడే గంగడోలు. గోకింది. పెయ్య చెవి విదిల్చింది.

"అక్కడ కాదు. ఇంకా కింద."

పిల్ల చెయ్యి వచ్చి ఆమె చెయ్యిని పట్టుకుని కిందికి జరిపింది. రెండు చేతులూ ఆ వెచ్చటి మడతలో కలిసి కదిలాయి. పెయ్య మెడ సాగింది... సాగింది... కళ్ళు అరమూతలు పడ్డాయి.

అప్పుడు ఆమె కిటికీలోంచి లోపలికి చూసింది. ఇంతకాలం ఆ దారినే వెళ్తూ ఎప్పుడూ చూడలేదు. తనది కాని కిటికీ అది.

చెదిరిన మంచం. పుస్తకాలు. నేల మీద ఒక చెప్పు.

"దుప్పటి మడతపెట్టలేదేం?" నోరు జారింది.

పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. దువ్వెన జుట్టులోంచి జారి కింద పడింది.

"అమ్మ కూడా ఇదే గోల," అంది. వంగి దువ్వెన తీసుకుంది.

"పద," అంది ఆమె పెయ్యతో.

పెయ్య కదిలింది.

వాగు దాకా. మూతి ముంచే దాకా. మళ్ళీ ఇంటి దాకా. తాడు ఒక్కసారైనా బిగియలేదు.

ముక్కులాయన దబ్బనాన్ని సంచిలో పెట్టేశాడు. "ఇవాళ్టికి నీదే గెలుపు. కానీ మొండిదాన్ని నమ్మకూడదమ్మా. మళ్ళీ సంతకి వస్తాను, చూద్దాం."

"ఏ మొండిది?" అన్నాడు వడ్రంగి. "మా ఇంట్లో ముగ్గురున్నారు."

మర్నాడు పొద్దున. మంచు.

ఆ ఆగడాన్ని మాన్పించవచ్చు. ఆమెకిప్పుడు చెయ్యి తెలుసు, వేలికి బిగువు తెలుసు. కొన్ని పొద్దుల పని.

ఇంటి మూల తిరిగింది. పెయ్యకన్నా ముందు ఆమె కాళ్ళే ఆగాయి.

కిటికీ మూసి ఉంది. ఆమె గోకుతూ నిలబడింది, ఇంకా కింద, సరిగ్గా అక్కడే. తాడుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎండుగడ్డి వాసన పోయింది. పెయ్య ఊపిరి వాసన. తన చేతి చెమట వాసన. కొంచెం... పిల్ల తలనూనె వాసన.

లోపల మంచం కిర్రుమంది. గడియ మీద చెయ్యి పడినట్టు చిన్న చప్పుడు — పెయ్య తోక గోడకి తగిలిన చప్పుడో ఏమో.

ఆమె పద అనలేదు.

తాడు వదులుగా ఉంది...