బఠాణీ నీడ

పొద్దున్నే పెద్దకోడలు కూలికి ఉతికే లాడ్జి దుప్పట్ల మూట విప్పేసరికి చిన్నకోడలు వంటింట్లో పప్పు మెదుపుతూ ఉండేది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఇద్దరికీ ఇంచుమించు ఒకే ఈడు పిల్లలు. పెద్దకోడలి కొడుకు గుండు పాలు, వెన్న, గుడ్లు తిని బొద్దుగా ఉండేవాడు. చిన్నకోడలి కూతురు బఠాణీ అవేవీ ముట్టకుండా పెరుగుతోంది. చిన్నకోడలు పశువుల ఆసుపత్రిలో పనిచేసేది. ఒకరోజు ఇంటికొచ్చి, ఇక జంతువుల నుంచి వచ్చేదేదీ తను తిననని, తన బిడ్డకూ పెట్టనని చెప్పేసింది. ఆమె మొగుడు సరేనని తలూపాడు. అతను దేనికైనా అంతే.

పిల్లకు తన పాలు పట్టేది. పైన మెత్తటి పప్పు, పాలకూర, చిలగడదుంప, పల్చగా కలిపిన నువ్వుల ముద్ద పెట్టేది. ఇనుము ఒంటికి పట్టాలని పప్పులో నిమ్మరసం పిండేది. ఆమె శ్రద్ధకు వంక పెట్టడానికి లేదు. పెద్దకోడలి బాధల్లా అదే.

దానికి తోడు ఆ నీడొకటి. బఠాణీ ఏం తింటే నీడ ఆ రంగులో పడేది. పాలకూర తిన్న పూట ఆకుపచ్చ, చిలగడదుంప తిన్న పూట నారింజ, పప్పు తింటే పసుపు. డాబా మీద ఆరేసిన తెల్ల దుప్పట్ల మీద ఆ నీడ పడితే పక్కింటివాళ్ళు తమ పని ఆపి చూసేవారు. "ఇవాళ క్యారెట్టా?" అని అడిగేవారు, అంతే. గుండు నీడ అందరి నీడల్లాగే నల్లగా ఉండేది. వాడికి బీట్‌రూట్ కుక్కి ఎండలో కూచోబెట్టినా నలుపే. పెద్దకోడలి కడుపు రగిలిపోయేది.

"ఆ నీడ చూస్తే చాలు, పిల్లకి ఏ లోటూ లేదని తెలిసిపోతుంది" అనేది అత్తగారు. ఆ మాట ఇంట్లో అందరికీ తెగ నచ్చింది. ఎంతగా అంటే, పిల్లల డాక్టరు రాసిన బి12 విటమిన్ చుక్కలు వేయడం కూడా మానేశారు. అవి వేస్తే నీడలో ఏ రంగూ రావడం లేదని చిన్నకోడలే సీసాని అలమరలో వెనక్కి తోసేసింది. "రంగు రానిది ఒంటికేం పడుతుందక్కా?" అంది. తను వేసుకునే బి12 మాత్రలూ ఆపేసింది.

పెద్దకోడలు మాత్రం లోపం వెతకడానికే ఆ నీడని చూసేది. దుప్పటి పిండుతూ చూసేది, ఆరేస్తూ చూసేది. ఒక మధ్యాహ్నం దొరికింది. బఠాణీ చెయ్యెత్తింది. నీడ ఎత్తలేదు. పాప చెయ్యి దించేశాక నీడ చెయ్యి మెల్లగా లేచింది. రంగు నిండుగానే ఉంది, నీడే వెనకబడింది.

ఉన్నమాట చెప్పుకోవాలి, పెద్దకోడలికి పట్టరానంత సంతోషం వేసింది. ఆ సాయంత్రం కూనిరాగం తీస్తూ దుప్పట్లు మడతపెట్టింది. రోజులు గడిచేకొద్దీ నీడ ఇంకా వెనకబడింది. గుండు గోడ పట్టుకుని నిలబడుతుంటే బఠాణీ కూచోబెట్టినా పక్కకి వాలిపోయేది. "నెమ్మదస్తురాలు, అచ్చం నా పోలికే" అని అత్తగారు మురిసిపోయింది. పెద్దకోడలు నోరు మెదపలేదు. చెబితే పిల్ల బాగవుతుంది, బాగైతే మళ్ళీ అందరూ ఆ రంగుల్నే చూస్తారు. చెప్పకపోతే ఏమవుతుందో ఆమె ఆలోచించదలచుకోలేదు.

ఒకరోజు డాబా మీద గుండు బఠాణీ ముందు గిలక్కాయ ఊపాడు. పాప నవ్వలేదు. పెద్దకోడలు దుప్పటి వైపు చూసింది. నీడ కదలనే లేదు. చేతిలో తడిబట్ట అక్కడే వదిలేసి, పిల్లలిద్దర్నీ చంకనేసుకుని కిందికి దిగింది.

"దీన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఇప్పుడే."

"ఎందుకక్కా? పొద్దున పాలకూర తింది. నీడ ఎంత పచ్చగా ఉందో నువ్వే చూడు."

"పచ్చగానే ఉందే. కదలడం లేదు."

చిన్నకోడలి మొహం మాడిపోయింది. "నా కూతుర్ని చూస్తే నీకు మొదట్నుంచీ కుళ్ళు."

"అవును, కుళ్ళే! మీరంతా ముద్దుగా చూశారు, మీకు రంగులు కనబడ్డాయి. నేను వంక వెతుకుతూ చూశాను, నాకు వంక కనబడింది. కనబడీ ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. నన్ను తర్వాత తిడుదువుగాని, ముందు పిల్లని తీసుకుని పద."

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి పాపకి సూది వేసింది. "తిండి చక్కగానే పెడుతున్నావమ్మా. కానీ బి12 మొక్కల్లో దొరకదు. నీ ఒంట్లోనే లేకపోతే నీ పాలలోకి ఎక్కడినుంచి వస్తుంది? ఇక పాప చుక్కలూ నీ మాత్రలూ మానడానికి వీల్లేదు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే పిల్ల ఎప్పటికీ కోలుకునేది కాదు" అంది.

నీడ నెమ్మదిగా పాపని అందుకుంది. చిన్నకోడలు మాత్రం చాలా రోజులు తోడికోడలితో మాట్లాడలేదు. నెలలు గడిచాక ఒక పొద్దున పిల్లనెత్తుకుని డాబా ఎక్కి, ఆమెకి ఎదురుగా కూచుంది.

"అక్కా, నువ్వు తెలిసీ దాచావు. అది నేను మర్చిపోలేను."

"మర్చిపోవద్దు."

"కానీ దీన్ని నీలా చూసేవాళ్ళు ఈ ఇంట్లో ఇంకెవరూ లేరు. రోజూ ఓసారి చూస్తావా? ముద్దుగా కాదు. అలాగే, కుళ్ళుకుంటూ."

ఇంతలో బఠాణీ తల్లి ఒళ్ళోంచి జారి, దుప్పటి అంచు పట్టుకుని లేచింది. అంచు వదిలేసి ఒక అడుగు వేసింది. ఇంకోటి వేసింది. గుండు ఇంకా గోడ పట్టుకునే ఉన్నాడు.

పెద్దకోడలి కడుపులో భగ్గుమంది.

"చూస్తాలే" అంది.