ఎర్ర రంగులో పడిన తుంగ

కూతురు మర్చిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి తల్లి ఆఫీసుకు వచ్చింది. ఇచ్చేసి వెళ్లిపోవాల్సిన మనిషి, తెర మీద తాను రోజూ దిగే చిత్తడి నేల కనిపించేసరికి ఆగిపోయింది. ముప్పై ఏళ్లుగా అక్కడి తుంగ కోసి చాపలు అల్లుతోంది. దాన్ని పైనుంచి చూడడం మాత్రం ఇదే మొదటిసారి.

ఉపగ్రహం తీసిన ఫొటో మీద ఏ మొక్క ఎక్కడుందో కూతురు కంప్యూటరుకు నేర్పి, రంగులతో గుర్తులు పెట్టించింది. తుంగకు పచ్చ, నీటిని కప్పేసే గుర్రపుడెక్కకు ఎరుపు. ఎర్రగా ఉన్నదంతా సోమవారం యంత్రాలతో వేళ్లతో సహా పెకలించేస్తారు. పటం మీద పెద్ద ఇంజనీరు సంతకం పెట్టడమే తరువాయి.

"ఉత్తరపు ఒడ్డు ఎర్రగా ఉందేంటే?"

"అక్కడంతా గుర్రపుడెక్కేనమ్మా. ఫొటోలో లేత పచ్చగా ఉంది చూడు. తుంగైతే ముదురు పచ్చగా ఉంటుంది."

"నీ మొహం! అది మా తుంగ. కోసి ఇరవై రోజులు కాలేదు. కొత్త పిలకలు లేతగా కాక ముదురుగా ఉంటాయా?"

కూతురు డ్రోన్ తీసిన దగ్గరి ఫొటోలు తెరిచింది. చాపలల్లేవాళ్లు ఎవరి వాటా ఎక్కడిదాకానో తెలియడానికి నడుమ ఒక్కో సాలు కోయకుండా వదులుతారు. ఆ సాళ్లు స్కేలు పెట్టి గీసినట్టు కనిపిస్తున్నాయి. గుర్రపుడెక్క ఎక్కడైనా వరుస కట్టి పెరుగుతుందా? కన్నతల్లి ఏ నెలలో కోతకు వెళుతుందో కూడా చూసుకోకుండా, కోతకు ముందు తీసిన ముదురు తుంగ ఫొటోలతోనే కంప్యూటరుకు పాఠం చెప్పింది మహాతల్లి!

సరిగ్గా అప్పుడే ఇంజనీరు పెన్ను తీస్తూ వచ్చాడు. నోరు విప్పితే ఉద్యోగానికే ఎసరు. అయినా కూతురు లేచి నిలబడింది.

"సంతకం పెట్టకండి సార్. పటం తప్పు. పొరబడింది నేను, కనిపెట్టింది మా అమ్మ."

గదిలో తలలన్నీ ఇటు తిరిగాయి. ఇంజనీరు చెడామడా తిట్టాడు. తిట్టి, కూతురు తెర మీద చూపించిన సాళ్లను పరిశీలించి, యంత్రాలు ఆపమని ఫోన్ చేశాడు.

వరండాలో కూతురు కళ్లు తుడుచుకుంది. "అందరి ముందూ పరువు పోయిందమ్మా."

"తుంగ పోతే ఇంకో పని చూసుకునేదాన్నే. నువ్వు నోరు మూసుకుని కూర్చునుంటే మాత్రం నేనెవరికీ మొహం చూపించలేకపోయేదాన్ని."

తల్లికి గర్వంతో కాళ్లు నేల మీద నిలవలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెను ఏమీ అడగలేదు. అయినా ఆగి మరీ చెప్పింది.

"లోపల పటం తప్పని చెప్పి పని ఆపించింది మా అమ్మాయే."