దేవేందర్ అడిగిన నీళ్లు

క్యాంప్ బాస్ పేరెత్తితే చాలు, లచ్చన్నకు ఒళ్లు మండిపోతోంది. దుబాయ్‌లో, సోనాపూర్ లేబర్ క్యాంపులో వాళ్ల మేడ మీది నీళ్ల ట్యాంకుకు మూత ఊడి మూడు నెలలైంది. నాలుగుసార్లు చెప్పాడు. సీసా నీళ్లు తాగేవాడికి ట్యాంకు గోడు ఎందుకు పడుతుంది? గదిలో తన ఊరివాడు దేవేందర్‌కు నిన్నటి నుంచి విరేచనాలు ఆగకపోతే, చేతులు కడుక్కోవడం రాదు మీకు అని తిట్టిపోయాడు ఆ పెద్దమనిషి.

వైద్యం లచ్చన్నే చేశాడు. కడుపు పోతుంటే ఎండగట్టాలని వాళ్లింట్లో పద్ధతి. దేవేందర్ నీళ్లడిగిన ప్రతిసారీ కసిరి, సీసా తీసి తన మంచం కింద పెట్టుకున్నాడు.

"తాగినంత పోతదిరా. జర ఓర్సుకో."

మధ్యాహ్నం దేవేందర్ బాత్రూమ్ దగ్గర కుప్పకూలాడు. లచ్చన్న క్యాంప్ బాస్‌ను చొక్కా పట్టి లాగినంత పని చేసి, కారు తెప్పించి క్లినిక్‌కు తెచ్చాడు.

నర్సు వైదేహిది అమలాపురం వైపు. సెలైన్ ఎక్కిస్తూ దేవేందర్ చేతి మీద చర్మం పట్టి లాగి చూసింది. లాగిన మడత అలాగే నిలిచిపోయింది.

"ట్యాంకు నీళ్లతోనే అయ్యిందని రాసియ్యమ్మా. వాని సంగతి నేను జూస్త," అన్నాడు లచ్చన్న పళ్లు కొరుకుతూ.

"రాస్తారులెండి డాక్టరుగారు. నిన్నటి నుంచి నీళ్లెన్ని పట్టేరు?"

"సుక్క ముట్టనియ్యలే."

ఆమె చేతిలో పని ఆపేసింది.

"ఎంత పని చేసేరండీ! ఈ విరేచనాలు తెచ్చే క్రిమికి ఒళ్లంతా సన్నటి నూగుంటాది. పల్లేరుకాయ బట్టని పట్టుకున్నట్టు దాంతో పేగుని పట్టేసుకుంటాది. ఎంత పోయినా అది కొట్టుకుపోదు. అక్కడే ఉండి విషం కక్కుతాది. దాంతో పేగే ఒంట్లో నీళ్లన్నీ బయటికి తోసేస్తాది. మీరు తాగనివ్వకపోతే పోయేది ఆగదు. ఈ మనిషే ఎండిపోతాడు. ఇంకో గంటాగుంటే మనకి దక్కేవోడు కాదు."

లచ్చన్న గోడకు చేరగిలబడ్డాడు. పొద్దున్నుంచి క్యాంప్ బాస్‌ను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. ట్యాంకు మూత వాడి పాపమే. కానీ నీళ్ల సీసా దాచింది వాడు కాదు. తన చెంప తానే పగలగొట్టుకోవాలన్నంత కోపం వచ్చింది.

సాయంత్రానికి దేవేందర్ కళ్లు తెరిచాడు. వైదేహి ఓఆర్ఎస్ కలిపిన గ్లాసు పక్కన పెట్టి వెళ్లింది. అతను గ్లాసు వంక చూశాడు. చెయ్యి చాచలేదు. భయంభయంగా లచ్చన్న మొహంలోకి చూశాడు.

"కాకా, రెండే గుక్కలు తాగుత," అన్నాడు.