గోడకెక్కిన పార

నేను ఒక పారను. పాత లారీ కమానుకట్టను కొలిమిలో కాల్చి, సాగగొట్టి, కమ్మరాయన నాకీ రూపమిచ్చాడు. తుమ్మకర్ర కామ బిగించాడు. ఏ పొలానికో పోయుంటే గట్టుమీద నాలుగు నవ్వులు వినేదాన్ని. నా రాత, గుంటూరు దాపున ఒక పల్లెలో కతోలికుల సమాధుల దొడ్డికి చేరాను. నన్ను భుజాన వేసుకుని ఎవరు వీధిలోకొచ్చినా ఆడవాళ్ళు మాటలాపి, "ఎవరంటమ్మా పోయింది?" అనేవారు.

నన్ను పట్టినవాళ్ళు ఇద్దరు. ఇన్నాసి కతోలికుడు. ఆశేరు యూదుడు. పల్లెలో యూదులేమిటని తెల్లబోకండి. ఆశేరు తండ్రి కాలంలోనే ఓ పన్నెండిళ్ళవాళ్ళు మాది ఇశ్రాయేలు వంశమని చెప్పి, శనివారం పని మానేశారు. విశ్రాంతి దినం మారింది గాని వీధి మారలేదు, బోరింగు మారలేదు, పక్కింటివాడు "బావా" అని పిలవడమూ మారలేదు. శనివారం ఆశేరు గేదెకు ఇన్నాసి గడ్డి కోసుకొచ్చేవాడు. ఆదివారం ఎవరైనా పోతే, ఇన్నాసి పూజలో ఉంటాడు గనుక ఆశేరు గుంట తీసేవాడు.

యూదుల్లో ఒక ఆచారం ఉంది. గుంట దగ్గర పారను చేతి నుంచి చేతికి ఇవ్వరు. ఒకరు నేలమీద పెడితే ఇంకొకరు తీసుకోవాలి. దుఃఖం చేతులు మారకూడదట.

"ఉప్పు చేతికియ్యనట్టా బావా?" అన్నాడు ఇన్నాసి మొదటిసారి.

"అట్టాంటిదే. ఉప్పయితే తగువొచ్చిద్ది, పారయితే చావొచ్చిద్ది."

"అయితే నీ చేతికే ఇస్తా, పట్టు!"

ఇద్దరూ గుంటలో నిలబడి విరగబడి నవ్వారు.

యూదులకు సొంత దొడ్డి లేదు. అప్పటి ఫాదరుగారు పడమటి మూల చూపించి, "ఇక్కడ పెట్టుకోండి" అన్నారు. నోటిమాటే, కాగితం లేదు. ఆశేరు నాలుగు నెలల కూతుర్ని అక్కడే పెట్టారు. ఆ గుంట తీసింది ఇన్నాసి. నాలుగు పార్ల మన్ను తీసేసరికే సరిపోయింది.

ఇరవై ఆరేళ్ళ తర్వాత ఒక శుక్రవారం పొద్దున ఆశేరు భార్య కెజియా గుండె ఆగి పోయింది. "నన్ను బిడ్డ పక్కన పెట్టండి" అని బతికుండగా వందసార్లు చెప్పిన మనిషి. పొద్దు గూకితే విశ్రాంతి దినం. ఆలోపే మట్టి చెయ్యాలి. ఇన్నాసి ఎవర్నీ అడక్కుండా బిడ్డ పక్కన తవ్వడం మొదలుపెట్టాడు. మోకాలి లోతు రాకముందే గుడి కమిటీ పెద్ద లూర్దయ్య మేస్టారు దిగాడు.

"ఎవర్నడిగి తవ్వతన్నావురా? దొడ్డికి ప్రహరీ కడతన్నాం. శిలువ లేని సమాధులు లోపలుంటే రేపు ఆళ్ళు స్థలం మాదంటారు."

"కెజియమ్మ ఇంకేం అడగదులే మేస్టారూ. ఆరడుగులు చాలంట."

అంతలో యూదుల పెద్ద బెన్యామీను గారు వచ్చాడు. తమ మనిషి కోసం నిలబడతాడని ఇన్నాసి ఆశపడ్డాడు. నేనూ ఆశపడ్డాను. ఇనుముకు మాత్రం ఆశ ఉండదా?

"మేస్టారు చెప్పిందే సబబు" అన్నాడాయన. "బయటిదేశం నుంచి యూదులు మమ్మల్ని చూడ్డానికొస్తారు. శిలువల మధ్య మా ఆడమనిషి ఉంటే మమ్మల్ని యూదులంటారా?"

రెండు మతాల పెద్దలు ఒక్కమాట మీద నిలబడటం నేను చూసింది ఆ రోజే.

ఫాదరుగారు పట్నంలో ఉన్నారు. ఫోను ఎత్తలేదు. పొద్దు తాటిచెట్ల మీదికి దిగుతోంది. ఆశేరు వచ్చి, సగం తీసిన గుంటనూ పక్కనున్న చిన్న దిబ్బనూ చూశాడు.

"కాలవకట్టకు పోదాం పద బావా. ఇంకా గంట పొద్దుంది."

కట్టమీద ఒకరి తర్వాత ఒకరు తవ్వారు. తొందరలో ఆశేరు నాకోసం చెయ్యి చాపాడు. ఇన్నాసి ఇవ్వలేదు. వంగి నన్ను నేలమీద పెట్టి, "ఇప్పుడు తీసుకో" అన్నాడు. పొద్దు గూకక ముందే కెజియా మట్టిలో చేరింది, బిడ్డకు మైలున్నర దూరంలో. దొడ్డిలో సగం గుంటను ప్రహరీ పనివాళ్ళు రాళ్ళూ రప్పలతో పూడ్చారు.

మరుసటేడు గుడి హాల్లో సోదరభావ సభ పెట్టారు. పట్నం నుంచి పెద్దలొచ్చారు. లూర్దయ్య మేస్టారూ బెన్యామీను గారూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, ఒకే పారతో రెండు మతాలవాళ్ళకూ గుంటలు తీసిన వైనం చెప్పారు. కాలవకట్ట సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. నాకు నూనె రాసి, దండేసి, గోడకు ఇనపతీగతో కట్టి, కింద అట్ట తగిలించారు: "సోదరభావానికి గుర్తు. తాకరాదు." ఆ రోజు ఇన్నాసి కుర్చీలు మోశాడు. దొడ్డికి కొత్త పార కొన్నారు. అది మేస్టారింట్లో తాళం కింద ఉంటుంది.

మొన్నటి వానకు కట్ట జారింది. ఇద్దరూ తడిబట్టలతో హాలుకొచ్చారు.

"మేస్టారూ, పార ఒక్కపూట ఇప్పించండి" అన్నాడు ఆశేరు. "కెజియా తలకాడ మట్టి కాలవలోకి పోతంది. సమాధి పనంటే ఊళ్ళో ఎవరూ పార ఇయ్యటంలా."

"అది చూడ్డానికి పెట్టిందయ్యా. రేపు ఫొటోలకొస్తన్నారు. బురదైతే ఏం బాగుంటది?"

"పోనీ కొత్తదన్నా..."

"తాళం మా ఆవిడ కాడుంది. ఊరెళ్ళింది."

ఆశేరు నా వంక చూశాడు. ఆ చూపుకంటే బరువైంది ఈ ఒంటితో నేనెన్నడూ ఎత్తలేదు. ఇన్నాసి అతని రెక్క పట్టుకున్నాడు.

"పద బావా. చేతులున్నయ్యిగా మనకి."

వానలో ఇద్దరు ముసలాళ్ళు కాలవ వైపు పోవడం కిటికీలోంచి కనబడుతూనే ఉంది. మేస్టారు గుడ్డ తెచ్చి, నామీది దుమ్ము తుడిచాడు.