దాచిపెట్టిన ఆకలి

డాక్టరిచ్చిన మూడో గోలీ పడిన పొద్దున సైదయ్య లేచి కూర్చుని, "పద్మా, ఏమన్న పెట్టు, ఆకలైతుంది" అన్నాడు. రెండు నెలలుగా ఆత్మకూరులోని ఆ ఇంట్లో వినపడని మాట. రెండు జొన్నరొట్టెలు, గిన్నెడు తలకాయకూర తిని, చేతికర్ర లేకుండా పొలం దాకా పోయొచ్చాడు.

అది చూసి కొడుకు ధర్మేందర్‌కు భయం పట్టుకుంది.

సూర్యాపేట డాక్టర్ చెప్పింది వాడు మరిచిపోలేదు. "క్యాన్సర్ కాలేయానికి పాకింది. దానివల్ల ఒళ్లంతా లోపల ఇన్‌ఫ్లమేషన్, ఆరని మంట లాంటిది. రక్తపరీక్షలో ఐదులోపు ఉండాల్సింది నూట నలభై ఉంది. ఆకలి చావడం, నీరసం, నొప్పులు చాలావరకు దాని పనే, ఆయన మొండితనం కాదు. రోజూ పొద్దున ఒక గోలీ వేయండి. మంట అణిగితే తింటాడు, తిరుగుతాడు. అదీ రెండు మూడు వారాలే. తర్వాత ఇవి పెద్దగా పనిచేయవు."

ధర్మేందర్‌కు మిర్యాలగూడ పిల్ల కుదిరింది. పిల్ల తరఫు వాళ్లకు మాత్రం సైదయ్యది గ్యాస్ ట్రబుల్ అని చెప్పారు. నిశ్చితార్థానికి ఇంకా ఇరవై రోజులుంది.

"మంచి రోజులన్నీ ఇప్పుడే ఖర్చుజేస్తే ఆనాడు ఏం జేస్తమే?" అని తల్లితో అని, మిగిలిన గోలీలు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

నాలుగు రోజులకే సైదయ్య మళ్లీ మంచానికి అతుక్కుపోయాడు. అన్నం వాసనకే కడుపులో తిప్పుతుంది. పక్కకు తిరిగితే ఎముకలన్నీ సలుపు.

"బిడ్డా, ఆ గోలీ ఒక్కటియ్యిరా."

"జర ఓపిక పట్టు నాయినా. అందరి ముంగట కూసోని బువ్వ తినాలె గద నువ్వు."

"అందరి ముంగట ఎందుకురా? ఇంట్లనే తింట."

"ఇంట్ల తింటే నిన్నెవరు సూస్తరు?" అని నవ్వాడు ధర్మేందర్.

పద్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది గానీ తాళంచెవి అడగలేదు. కోడలు రావాలని ఆమెకూ ఉంది.

నిశ్చితార్థం రెండు రోజులుందనగా ధర్మేందర్ బీరువా తీసి, గోలీ తెచ్చి తండ్రి అరచేతిలో పెట్టాడు. చెంబుతో నీళ్లందుకునేలోపు ఫోన్ మోగింది. పిల్ల తాత పోయాడట. నిశ్చితార్థం నెల దాటినాకే.

"నాయినా, గోలీ ఇటియ్యి. వచ్చే నెలకు పడ్డది."

"అప్పటిదాంక నేనుంటనారా?"

"ఉండాలె మరి. ఊరంతా చెప్పుకున్నం."

సైదయ్య పిడికిలి బిగించాడు. దాన్ని విప్పడానికి ధర్మేందర్‌కు రెండు వేళ్లు చాలాయి.