వానక్కయ్య చెప్పిన ఎండ

పొద్దున్నే వంటింటి బల్ల మీద తమ్ముడి ఫోను కుయ్యిమని మోగింది. అతను చూడకుండానే దాని నోరు నొక్కి కాఫీ గ్లాసు అందుకున్నాడు.

"ఏమిట్రా అది?" నిమ్మకాయలు పిండుతున్న అక్క అడిగింది.

"రోజూ ఉండే గోలే అక్కా. ఈ వేసవిలో ఎండలు మామూలుకన్నా ఎక్కువట. ఈ వారమంతా పగలు వడగాడ్పులు, మధ్యాహ్నం దాటితే ఉరుములు, పిడుగులూ. పిడుక్కీ బిచ్చానికీ ఒకటే మంత్రమన్నట్టు, చినుక్కీ తుఫానుకీ ఒకటే మోత. ఎవరు పట్టించుకుంటారు?"

"మరి ఇవాళ స్లాబు పోయిస్తానన్నావు?"

"పోయించాల్సిందే. ఇల్లు కట్టించుకునే ఆయన నెత్తిన కూర్చున్నాడు." అతను చిన్న కాంట్రాక్టరు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడకి ఆ ఫోను మోత తలుచుకుంటే మనసు చివుక్కుమంది. ఒకప్పుడు ఆ కబురు ఊరికి చెప్పింది తనే. రేడియో స్టేషన్లో వాతావరణం చదివేది. అందుకే చిన్నాపెద్దా అందరికీ ఆవిడ వానక్కయ్య. గోడలకి మందపాటి గుడ్డ అంటించిన ఇరుకు గది, మైకు చప్పుడు పట్టేస్తుందని ఆపేసిన ఫ్యాను. ఎండల గురించి చదివేటప్పుడు చెమట ముక్కు మీంచి కాగితం మీద పడేది. "నువ్వు చదివితే వినేవాళ్ళకీ ఉక్కపోస్తుందమ్మాయ్" అని నవ్వేవాడు పెద్ద అనౌన్సరు.

ఆవిడ గొంతు వినబడగానే వీధిలో మాటలు ఆగేవి. కూరల బజారుకి వెళితే పరాచికాలే పరాచికాలు. "వానక్కయ్యా, నీ మాట నమ్మి గొడుగు మోసుకొచ్చాను, చుక్క రాలితే ఒట్టు!" అనేది ఒకామె. "ఇవాళ గుడ్డలు ఆరేసుకోమంటావా తల్లీ?" అనేది ఇంకొకామె. తన మాట ఇంటింటికీ గొడుగై వెళుతోందని ఆ రోజుల్లో ఎంత మురిసిపోయేదో!

ఎండ ముదిరేసరికి నిమ్మరసం క్యాను ఆటోలో పెట్టించుకుని ఆవిడ కట్టుబడి దగ్గరికి బయల్దేరింది. తమ్ముడు పనివాళ్ళకి నీళ్ళు సరిగా పెడతాడో లేదోనని బెంగ.

పైకప్పు మీద ఇనుప చువ్వలు ముట్టుకుంటే కాలేలా ఉన్నాయి. కాంక్రీటు కలిపే యంత్రం గురగురలాడుతోంది. తట్టలు చేతులు మారుతున్నాయి. వరసలో చివరనున్న ఒక పెద్దామె దిగివచ్చి, మెట్ల నీడలో గ్లాసు అందుకుంది. "మెల్లగా తాగమ్మా, కడుపులో పట్టేస్తుంది" అంది వానక్కయ్య.

ఆమె గ్లాసు దించి చూసింది. "మీరు రేడియోలో చెప్పేవారు కదూ? ఈ గొంతు నేను మరిచిపోను."

వానక్కయ్య ముఖం విప్పారింది. "వినేవారా మీరు?"

"వినకేం! మా ఇంటాయన మీరు చెప్పేదాకా గుమ్మం కదిలేవాడు కాదు. మీరు ఎండ ఎక్కువంటే తలగుడ్డ తడుపుకుని పోయేవాడు."

"పనికా? మధ్యాహ్నం బయటికి వెళ్ళొద్దని చెప్పేదాన్ని కదమ్మా!"

"చెప్పేవారు. మానేస్తే మర్నాడు ఎవరు రమ్మంటారు తల్లీ?" ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "ఆయన రోడ్డు పనిలో వడదెబ్బకి పడిపోయిన రోజు కూడా మీరే చెప్పారు. బయటికి పోవద్దని ఎంత బాగా చెప్పారో! ఆ మధ్యాహ్నం టీకొట్టు రేడియోలో విన్నాం, అప్పటికే మేం బయట ఉన్నాం."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది. ఆమె గ్లాసు బోర్లించి మళ్ళీ మెట్లెక్కింది. వానక్కయ్య ఆ ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుని మెట్టు మీద కూర్చుంది. ఇన్నేళ్ళు తీపిగా దాచుకున్న ఆ గొంతు ఎవరికి పనికొచ్చింది? కడుపులో చల్ల కదలకుండా ఇంట్లో కూర్చునేవాళ్ళకా?

అంతలో గాలి స్తంభించింది. పడమట మబ్బు నల్లగా లేచింది. దూరాన ఉరుము దొర్లింది.

ఆవిడ గబగబా పైకి వెళ్ళింది. "ఒరేయ్ తమ్ముడూ, అందర్నీ దింపు."

"సగం పోశామక్కా! మధ్యలో ఆపితే అతుకు పడుతుంది, రేపు నీళ్ళు కారుతాయి. ఇంకాసేపు—"

"స్లాబుకి అతుకు వెయ్యొచ్చురా. మనిషికి వెయ్యగలవా?"

పనివాళ్ళ చేతుల్లో తట్టలు ఆగాయి. కానీ ఎవరూ కదల్లేదు. అందరి చూపూ కాంట్రాక్టరు మీదే. వానక్కయ్యకి అప్పుడు అర్థమైంది. ఉరుము అందరికీ వినిపించింది, దిగమనే మాట మాత్రం ఒక్కడి నోట్లోనే ఉంది.

"తమ్ముడూ!" ఆవిడ చువ్వల వైపు చెయ్యి చూపింది. "ఇనుము మధ్యలో నిలబెట్టావురా వాళ్ళని."

అతను చుట్టూ చూశాడు. తట్ట పట్టుకుని నిలబడ్డ పెద్దామెను చూశాడు. "యంత్రం ఆపండి. అందరూ కిందికి!" అని అరిచాడు.

కింది గదిలో సిమెంటు బస్తాల మధ్య అందరూ ఇరుక్కుని నిలబడ్డారు. మెరుపులకి గోడలు తెల్లబడ్డాయి. పిడుగు ఎక్కడో పొలిమేరలో పడింది, ఈ ఇంటి మీద కాదు. కానీ వాన మాత్రం కుంభవృష్టే. పైన సిమెంటు పాలు కరిగి మెట్ల మీదుగా కారుతుంటే తమ్ముడు దిగాలుగా చూశాడు.

"ఊరికే ఆపానేమో అక్కా. పిడుగు ఇటు రాలేదుగా."

"రాకపోవడం మన అదృష్టం. ఆపడం నీ మంచితనం. రెండూ ఒకటి కాదురా."

అతను మెట్ల మీంచి చూపు తిప్పుకున్నాడు. తర్వాత పనివాళ్ళవైపు తిరిగాడు. "రేపటినుంచి తెల్లారగానే మొదలెడదాం. ఎండెక్కితే దిగిపోండి. ఉరిమితే నాకోసం చూడొద్దు. ఆపిన పూటకి కూలి కొయ్యను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దామె మాత్రం "మాట మీద ఉంటావా బాబూ?" అని అడిగింది.

"ఉండకపోతే మా అక్క ఊరుకుంటుందా!" అన్నాడతను. గదంతా నవ్వింది.

వానక్కయ్య నవ్వలేదు. పెద్దామె పక్కనే బస్తా మీద కూర్చుని, గరుకైన ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"ఎండ వస్తోంది, పిడుగు వస్తోంది అని చెప్పేస్తే నా పని అయిపోయిందనుకున్నానమ్మా" అంది నెమ్మదిగా. "కాదు. విన్నవాళ్ళు కూడు పోతుందన్న భయం లేకుండా పని ఆపుకోగలిగినప్పుడే, చెప్పిన మాట మనిషిని కాపాడుతుంది."