పాపమ్మ బీడులో గాలిబండి

మదనపల్లె టమోటా మండీలో వారమంతా వేలం పాటలు పాడి గొంతు బొంగురుపోయే చెంగల్రాయుడికి ఆదివారం పొద్దున మాత్రం మాటలతో పని ఉండదు. పుంగనూరు దాటాక పాపమ్మ బీడులో ఒక కొయ్య పాతి, దానికి ఎర్రగుడ్డ గొట్టం కట్టి, గాలి ఎటు తోలుతోందో చూసి చెయ్యి ఊపితే చాలు.

అక్కడ గాలిబండి క్లబ్బు నడుస్తోంది. జీతగాళ్లెవరూ లేరు. కుప్పం బడిలో పాఠాలు చెప్పే సుప్రియ బండి నడుపుతుంది. ఆటో తోలుకునే మునెప్ప ఇంజను చూసుకుంటాడు. మూడు చక్రాల బండి, వెనక పెద్ద ఫ్యాను, పైన పందిరంత గుడ్డరెక్క. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎవరడిగినా కూర్చోబెట్టి ఆకాశంలో ఒక చుట్టు తిప్పి దించుతారు. పోయినేడు పెద్దమండ్యం వైపు ఎద్దులు కొండల్లో తప్పిపోతే, ఏ వాగువంకలో ఉన్నాయో పైనుంచి చూసి చెప్పింది కూడా వీళ్లే.

ఆ ఆదివారం బీడు సొంతదారు పాపమ్మ గట్టు దిగి నేరుగా చెంగల్రాయుడి దగ్గరికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి.

"ఇంక నిలిపేయండప్పా," అంది. "పోయిన వారం మీ మోతకు నా గొర్రెలు బెదిరి పరిగెత్తినాయి. సూడిగొర్రె వంకలో పడి కాలిరగ్గొట్టుకునింది."

చెంగల్రాయుడికి ఆదివారాలు పోతాయని దిగులేసింది. అయినా బీడు ఆమెది.

"తప్పు మాదేనమ్మా. నిలిపేస్తాం," అన్నాడు.

మునెప్ప ఇంజను ఆపి, ఆమె దొడ్డిలో పడి ఉన్న సూడిగొర్రెను ఆటోలో వేసుకుని పశువుల ఆసుపత్రికి బయలుదేరాడు. పోట్లాటకు సిద్ధపడి వచ్చిన పాపమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. సుప్రియ పోసిచ్చిన టీ తాగుతూ గట్టు మీద కూర్చుంది.

"పైనుంచి నా చేను ఎట్లుంటాదప్పా?"

"నాకేం తెలుసమ్మా. నేనెప్పుడూ ఎక్కలేదు."

"ఇంతమందిని ఎక్కిస్తాండావు. నువ్వు యాల ఎక్కలేదు?"

"బయమమ్మా," అన్నాడు చెంగల్రాయుడు.

పాపమ్మ పగలబడి నవ్వింది. తర్వాత కొంగు నడుముకు బిగించింది. "మంద ఈ పొద్దు చెరువు అవతల ఉండాది. బెదరదులే. నిలిపేసేముందు నా నేలను నేనొకతూరి సూసుకుంటా."

సుప్రియ ఆమెకు బెల్టులు బిగించి, "అవ్వా, తల తిరిగితే నా భుజం తట్టు," అంది. బండి నాలుగు గెంతులు వేసి లేచింది. అది తిరిగొచ్చేదాకా చెంగల్రాయుడు కొయ్య పట్టుకుని పైకే చూస్తూ నిలబడ్డాడు.

పాపమ్మ దిగింది. చెదిరిన జుట్టు ముడి వేసుకుంటూ అంది:

"దొడ్డి మీంద్నే పోతాండారు మీరు. పైనుంచి సూస్తే గదా తెలిసింది. కొండ పక్కకు లేస్తే అంతా రాళ్లే, ఒక్క జీవం లేదు. ఇంకమీద అటే లేయండి."

"గాలికి ఎదురుగానే లేవల్లమ్మా. గాలి అటునుంచి రాని దినం ఎగరలేం," అన్నాడు చెంగల్రాయుడు.

"ఆ దినం ఎగరొద్దు. ఈడ కూసోని కబుర్లు సెప్పుకోండి. ఎవరొద్దన్నారు?"

సుప్రియ ఆ పెద్దామె ముఖం వంక చూసి నవ్వేసింది. సగం ఆదివారాలు నేల మీదే గడుస్తాయని చెంగల్రాయుడికి అర్థమైంది. అయినా మనసు తేలికపడింది.

"ఊ, ఇప్పుడు నువ్వెక్కు," అంది పాపమ్మ.

కాదనడానికి ఆయనకు మొహం చెల్లలేదు. కళ్లు గట్టిగా మూసుకునే కూర్చున్నాడు. ఎప్పుడు లేచారో తెలియలేదు. చల్లగాలి మొహానికి తగిలాక మెల్లగా తెరిచాడు. కింద టమోటా తోటల వరుసలు దువ్వినట్టున్నాయి. రోజూ తాను తిట్టుకుంటూ పోయే మదనపల్లె రోడ్డు ఎండలో సన్నగా మెరుస్తోంది. "ఇంకో చుట్టు తిప్పమ్మా," అన్నాడు సుప్రియతో.

ఆ చుట్టూ అయ్యాక దిగారు. పాపమ్మ అందరినీ ఇంటికి పిలుచుకుపోయి, వేడివేడి రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ వడ్డించింది. వాళ్లు సగం తినేసరికి మునెప్ప వచ్చాడు. గొర్రెకు కట్టు కట్టారని, కడుపులో పిల్ల క్షేమమేనని చెప్పి, కాళ్లు కడుక్కుని వాళ్ల పక్కనే కూర్చున్నాడు.